ఉప్పునీటి తొట్టిలో ఆల్కలినిటీ: గుంట లెక్క వేరు, తొట్టి లెక్క వేరు

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టానంటే నెల్లూరులో ఎవరైనా మొదట అడిగేది "పులుసుకు ఎప్పుడు రమ్మంటావ్?" అని. ఆ నవ్వులయ్యాక, కాస్త ఆక్వా తెలిసినవాళ్లైతే "ఆల్కలినిటీ ఎంతుంది?" అంటారు. వేరే ఊళ్లో ఈ మాట అడిగేవాళ్లు అంత తేలిగ్గా దొరకరు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు, ఇంకా పైకి పోతే సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలే కాబట్టి ఈ మాట మనవాళ్ల నోట్లో ధాన్యం రేటులా నానుతూనే ఉంటుంది. దీంతో మనకో మేలుంది, ఓ తలనొప్పీ ఉంది. మేలేమిటంటే, పెద్ద పెద్ద ఊళ్లలో ఉప్పునీటి తొట్టి పెట్టినవాళ్లు ఆన్‌లైన్‌లో వేలు పోసి తెప్పించుకునే పరీక్ష మనకు ఏ ఆక్వా ల్యాబులోనైనా కాసేపట్లో అయిపోతుంది. తలనొప్పేమిటంటే, ఎకరాల లెక్కన నీళ్లు చూసిన చేత్తోనే మన 150 లీటర్లకు కూడా సలహా ఇస్తారు.

ఆ సలహా నేను విన్నాను. పోయిన వేసవిలో మా మూడడుగుల తొట్టి నీళ్లు కిట్‌తో చూస్తే ఆల్కలినిటీ 6 కేహెచ్ (దాన్ని కొలిచే డిగ్రీలు) వచ్చింది. అంతకు ముందెప్పుడూ 8కి కాస్త అటూ ఇటూగానే ఉండేది. అప్పుడే ఇంటికొచ్చిన మా చిన్నాయన, ఆయనకు మైపాడు వైపు గుంటలున్నాయి, కిట్ కాగితంలో పీపీఎం (రొయ్యల వాళ్లు వాడే కొలత) గడి చూసి "ఏంది రా, 107 ఉంటే చూస్తా కూర్చున్నావా, సోడా కొట్టు" అన్నాడు. కొట్టాను. రెండు రోజుల్లో 16 గ్రాముల వంట సోడా, అదీ తొట్టిలో మోటారు ఉన్న అరలో ఒక్కసారిగా పోసేశాను. మళ్లీ చూస్తే 8.5 వచ్చింది, హమ్మయ్య అనుకున్నా. వారం తిరక్కముందే తోలు పగడం ముడుచుకుపోయింది. మోటారు గరగరమంటోంది, విప్పి చూస్తే లోపల తిరిగే రెక్కల మీద తెల్లటి పెంకు, గోటితో గీరినా రాలలేదు. అడుగున ఇసుకలో వేలు పెడితే దిగలేదు, పాకం ముదిరిన వేరుశనగ అచ్చులా ముద్దకట్టుకుపోయింది.

నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పట్టుకుపోతే 214 పీపీఎం అన్నారు. అంటే 12 కేహెచ్! తప్పు తొట్టిది కాదు, కిట్‌ది. ఇంకా చెప్పాలంటే కిట్ సీసా మూత సరిగ్గా బిగించకుండా ఇన్వర్టర్ పక్కన అలమరలో పడేసిన నాది. మే నెల వేడికి సీసాలో నీటిశాతం ఆవిరై యాసిడ్ చిక్కబడింది, చిక్కటి యాసిడ్ కాబట్టి తక్కువ చుక్కలకే రంగు మారిపోయి అంకె తక్కువ చూపించింది. నిజంగా 8.5 ఉన్న నీళ్లను 6 అనుకుని 12కి ఎక్కించానన్నమాట. గుంటలో అయితే ఇంత పొరపాటు జరిగినా రొయ్య ఓర్చుకుంటుంది, అంత నీటిలో అది పెద్ద తేడా కూడా కాదు. తొట్టిలో అలా కుదరదు. ఇక్కడ అంకె 8 అయినా 9 అయినా బాధలేదు గానీ, 8 నుంచి 9కి రాత్రికి రాత్రి పోకూడదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింద రాసిందంతా సులువుగా ఎక్కుతుంది.

అసలు ఇదేంటి

నీళ్లలో యాసిడ్ వేస్తూ పోతే ఎంతవరకు తట్టుకుంటాయో ఆ సత్తువ పేరే ఆల్కలినిటీ. పుస్తకాల్లో క్షారత అంటారు. సముద్రపు నీళ్లలో ఆ సత్తువలో ఎక్కువ భాగం బైకార్బోనేట్‌దే. పగడాలు, నత్తలు, గుల్లలు, రాళ్ల మీద గులాబీ రంగులో పెంకులా పట్టే పాచి, ఇవన్నీ ఒళ్లు కట్టుకోవడానికి వాడుకునేది ఈ బైకార్బోనేట్‌నే, దానికి కాల్షియం జోడించి. అందుకే తొట్టిలో రోజూ అరిగిపోయేది ఇదే.

పీహెచ్‌తో దీన్ని కలిపేసి చాలామంది పొరపాటు పడతారు. పీహెచ్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటుంది. గుంట చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆల్కలినిటీ అలా ఊగదు. వేసవిలో ఏసీ వేసుకుని తలుపులూ కిటికీలూ మూసుకుని నలుగురం అదే గదిలో పడుకుంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, నీళ్లలో దిగి, పీహెచ్ 8.2 నుంచి 7.8కి పడిపోతుంది. అప్పుడు ఆల్కలినిటీ ఒక్క పాయింటు కూడా తగ్గదు. కాబట్టి పీహెచ్ మీటరు చూసి సోడా డబ్బా మూత తీయకండి, కిటికీ తీయండి.

కొలతలు మూడు రకాలు. తొట్టి పెట్టేవాళ్లు కేహెచ్ డిగ్రీల్లో మాట్లాడతారు, రొయ్యల వాళ్లు పీపీఎంలో, పుస్తకాలు మిల్లీ ఈక్వివలెంట్లలో. 1 మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 కేహెచ్, అంటే 50 పీపీఎం. ల్యాబు చీటీ మీద ఉన్న పీపీఎంని 17.9తో భాగిస్తే కేహెచ్ వచ్చేస్తుంది. అసలు సముద్రంలో ఇది ఇంచుమించు 6.5 నుంచి 7 కేహెచ్, అంటే 120 పీపీఎం చుట్టుపక్కల. ఇంటి తొట్టిలో 7 నుంచి 11 మధ్య ఎక్కడున్నా బతుకుతాయి. నేను 8 దగ్గర ఆపుతాను. 11 మీద నడిపేవాళ్లూ ఉన్నారు, పగడాలు త్వరగా పెరుగుతాయని. నాకైతే ఆ తొందర లేదు.

పగడాలంటే గుర్తొచ్చింది. రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. ఎవరైనా తమిళనాడు వైపు నుంచి తెప్పిస్తామన్నా ఆశపడకండి. నా తొట్టిలో ఉన్నవి మెత్తటి రకాలే, తోలు పగడం, పుట్టగొడుగు పగడం, కొన్ని చేపలు, నత్తలు. మెత్తటి వాటికి ఆల్కలినిటీ ఖర్చు చాలా తక్కువ. మరి నాకెందుకు ఈ గోల అంటే, గులాబీ పాచి, నత్తలు తినేది కొంత ఉంటుంది, మేత ఎక్కువైతే పోయేది ఇంకొంత. మిగిలిన మేత, చేపల రెట్ట కుళ్లి నైట్రేట్‌గా మారేటప్పుడు యాసిడ్ పుడుతుంది, అది ఆల్కలినిటీని కొరుకుతుంది. నైట్రేట్ 50 పీపీఎం పెరిగేసరికి ఇంచుమించు 2.3 కేహెచ్ హరించుకుపోతుంది. పగడమే లేని చేపల తొట్టిలో కూడా ఆల్కలినిటీ దిగిపోతోందంటే ముందు చూడాల్సింది సోడా డబ్బా కాదు, మేత డబ్బా.

కొలిచే పద్ధతి

చుక్కల కిట్ సరిపోతుంది. పనంతా ఒకటే: కొన్ని నీళ్లు తీసుకో, రంగు చుక్కలు వేయి, యాసిడ్ చుక్కచుక్కగా వేస్తూ కలుపు, రంగు తిరిగినప్పుడు ఆగు. ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. నీలం నుంచి పసుపుకు తిరిగేవి ఉన్నాయి, పచ్చనీలం నుంచి నారింజ గులాబీకి తిరిగేవి ఉన్నాయి. కిట్ కాగితం ఏం చెబితే అది చేయండి. కాగితంలో రాయనివి నేను చెబుతా.

ముందుగా తొట్టిలో ఆవిరైన నీళ్లు నింపి, అరగంట తిరగనిచ్చి, ఉప్పు చూసుకోండి. 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35) ఉందనుకుంటేనే ఆల్కలినిటీ అంకెకు అర్థం ఉంటుంది. రోహిణి కార్తెలో తొట్టి మీద ఫ్యాన్ పెడితే రోజుకు రెండు మూడు లీటర్లు ఎగిరిపోతాయి, రెండు రోజులు నింపడం మర్చిపోతే ఉప్పుతో పాటు ఆల్కలినిటీ కూడా చిక్కబడి, 8 ఉన్నది 8.3గా కనబడుతుంది. నీళ్లు నింపగానే మళ్లీ 8. ఈ తేడా చూసి "నిన్నటి నుంచి ఎందుకు తగ్గింది" అని టెన్షన్ పడేవాళ్లున్నారు.

గాజు సీసాను తొట్టి నీళ్లతోనే రెండుసార్లు కడిగి అవే నీళ్లు తీసుకోండి. సిరంజి మెడికల్ షాపులో దొరికేదే, కాకపోతే ఇన్సులిన్ సిరంజి కొనకండి, దాని మీద ఉండేవి యూనిట్ల గీతలు, మిల్లీలీటర్ల గీతలున్నది అడగండి. యాసిడ్ సీసాను నిటారుగా తలకిందులు చేసి చుక్క వేయాలి, వాల్చి వేస్తే చుక్క సైజు మారిపోతుంది. చుక్కలో గాలి బుడగ కనబడితే ఆ పరీక్ష పారబోసి మళ్లీ మొదలెట్టండి. ప్రతి చుక్కకూ సీసా తిప్పాలి. తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుతురులో చూడాలి, వంటింటి పసుపు బల్బు కింద నారింజ ఏదో గులాబీ ఏదో తెలియదు. రంగు తిరిగిందనిపించిన చోట అంకె రాసుకుని, ఇంకో చుక్క వేయండి. రంగు ఇంకా ముదిరితే అంతకు ముందు ఆగింది తొందరపడి ఆగినట్టే.

ఒక చుక్కకు 1 కేహెచ్ అని లెక్కపెట్టే కిట్ అయితే నీళ్లు రెట్టింపు తీసుకోండి, 5 మి.లీ. చోట 10 మి.లీ., రంగు చుక్కలతో పని ఉంటే అవీ రెట్టింపు. అప్పుడు చుక్కకు అర డిగ్రీ అవుతుంది. కిట్ సగం రోజులకే అయిపోతుంది, నిజమే. కానీ 8కి, 9కి మధ్య ఏముందో తెలియని పరీక్షతో రోజువారీ ఖర్చు ఎలా పట్టుకుంటారు?

డిజిటల్ చెక్కర్ (రంగును తనే చదివి అంకె చూపే చిన్న మీటరు) ఉంటే ఇంకా సులువు. దానికి గాజు కుప్పె మీద వేలిముద్రలే శత్రువు. పంచె కొసతో తుడవకండి, పీచు అంటుకుంటుంది, కళ్లజోడు గుడ్డ వాడండి. చెక్కర్ అయినా చుక్కలైనా 0.3 తేడాను తేడాగా లెక్కపెట్టకండి. నిన్న 8.1, ఈరోజు 7.9 అంటే తొట్టి కదల్లేదు, చెయ్యి కదిలింది.

కిట్‌ను నమ్మే ముందు

నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉండాలంటే రెండు దారులు. మొదటిది ల్యాబు. మన ఆక్వా ల్యాబుల్లో చేసేది కూడా ఇదే పరీక్ష, కాకపోతే బ్యూరెట్ (కింద కొళాయి ఉన్న గీతల గాజు గొట్టం) పెట్టి. ఆ రోజు నేను నిలబడి చూశా. 50 మి.లీ. నీళ్లు కుప్పెలో పోసి, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసింది ఆ అమ్మాయి. నీళ్లు పసుపయ్యాయి. పైన బ్యూరెట్‌లో 0.02 నార్మాలిటీ సల్ఫ్యూరిక్ యాసిడ్. ఎడమ చేత్తో కొళాయి, కుడి చేత్తో కుప్పె తిప్పడం, నాతో మాట్లాడుతూనే. పసుపు పోయి నారింజ పొడ చూపగానే కొళాయి బిగించేసింది. 10.7 మి.లీ. దిగింది. దాన్ని 20తో హెచ్చిస్తే 214, అదే పీపీఎం. రోజంతా వరసగా సీసాలు చూసే చెయ్యి కాబట్టి ఆ చూపు మనకు రాదు. సీసాను అంచుదాకా నింపి, గాలి లేకుండా మూతపెట్టి, అదే రోజు పట్టుకుపోండి. అదే నీళ్లను ఇంట్లో మీ కిట్‌తోనూ కొలవండి. తేడా ఎంతుందో కిట్ డబ్బా మీదే రాసిపెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: ల్యాబువాళ్లు చీటీ మీద "మినరల్స్ వాడవలెను" అని కూడా రాసిస్తారు. అది వనామీ రొయ్యకి. చదివి మడిచి జేబులో పెట్టుకోండి.

రెండో దారి ఇంట్లోనే. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి, 0.01 గ్రాము చూపేది. వంట సోడా 2.52 గ్రాములు తూచి లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగించండి. డిస్టిల్డ్ నీళ్లంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవి, యాసిడ్ డబ్బా కాదు, చూసి కొనండి. అందులోంచి 100 మి.లీ. తీసి, ఇంకో 900 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు కలపండి. ఈ రెండోసారి కలిపిన నీళ్ల ఆల్కలినిటీ 8.4 కేహెచ్, పీపీఎంలో 150. మీ కిట్ దీన్ని 8.4 చుట్టుపక్కల చూపిస్తే కిట్ మంచిదే. 6 చూపిస్తే సీసా చెత్తబుట్టలోకి. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు దీనికి వాడొద్దు, వాటిలో రుచి కోసం కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) వదిలేస్తారు, ఆ కొంతలో ఆల్కలినిటీ కూడా ఉంటుంది. కిట్ సీసాలు ఇప్పుడు నేను ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్ల పక్కన పెడుతున్నా, డబ్బాలో వేసి, పైన పెద్ద అక్షరాలతో "తాగేది కాదు" అని రాసి.

రోజుకు ఎంత ఖర్చవుతోంది

దీనికి ఏమీ కలపకుండా, నీళ్లు మార్చకుండా ఐదు రోజులు ఊరుకోవాలి. మొదటి రోజు కొలవండి, ఆరో రోజు అదే వేళకు కొలవండి. నాకు 8.5 నుంచి 7.5కి వచ్చింది. ఐదు రోజులకు 1, అంటే రోజుకు 0.2. అంతే, ఇంకేం లెక్క లేదు. తొట్టి కొత్తదైతే ఇది ఇంకా తక్కువుంటుంది, గులాబీ పాచి అద్దాల నిండా పట్టాక పెరుగుతుంది. నెలకోసారి మళ్లీ చూసుకోవాలి.

కాల్షియం కూడా రోజూ చూడాలా అని అడుగుతారు. అక్కర్లేదు. పెంకు కట్టేటప్పుడు 2.8 కేహెచ్ ఖర్చయితే కాల్షియం పోయేది 20 పీపీఎం మాత్రమే. నాకు ఐదు రోజుల్లో పోయిన 1 కేహెచ్‌కు కాల్షియం 7 పీపీఎం. 420లో 7 తగ్గితే ఇంట్లో వాడే ఏ కిట్టూ పట్టుకోలేదు. అందుకే వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ, నెలకోసారి కాల్షియం. మెగ్నీషియం 1300 దగ్గర ఉందా లేదా అన్నది ఎప్పుడైనా అంకెలు నిలబడకుండా పోతున్నప్పుడు చూస్తే చాలు. అది బాగా తగ్గితే కలిపింది కలిపినట్టే సున్నపురాయిగా రాలిపోతుంది.

కలపడం

వంట సోడా చాలు. మా అమ్మ తినే సోడా అంటుంది, అదే. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పిండి, యాసిడ్ కలిసి ఉంటాయి, అది వద్దు. బట్టల సోడా అసలే వద్దు.

100 లీటర్లలో 1 కేహెచ్ పెంచడానికి 3 గ్రాముల వంట సోడా కావాలి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. రోజూ అర గ్రాము, గ్రాము తూచడం నావల్ల కాదు కాబట్టి 60 గ్రాములు లీటరు మంచి ఆర్‌ఓ నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకుంటా. అప్పుడు 50 మి.లీ. పోస్తే 100 లీటర్లకు 1 కేహెచ్. తొట్టిలో నీళ్లెన్నో సరిగ్గా లెక్కపెట్టండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే షాపువాడు 190 లీటర్లంటాడు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన నాలుగు వేళ్ల ఖాళీ తీసేస్తే నాకు మిగిలింది 150. రోజుకు 0.2 ఖర్చు కాబట్టి 150 లీటర్లకు 15 మి.లీ. సరిపోతుంది. నీళ్లు జోరుగా తిరిగే చోట, మోటారు పీల్చుకునే చోట కాదు, సన్నటి ధారగా ఒక నిమిషం పట్టేలా పోస్తా.

బాగా తగ్గిపోయి పైకి తేవాల్సి వస్తే రోజుకు 1 కేహెచ్ మించకూడదు. నేనైతే అర డిగ్రీ దగ్గరే ఆగుతా. 6.5 ఉన్నది 8కి చేరడానికి మూడు రోజులు పడుతుంది, పట్టనివ్వండి. కాల్షియం కూడా కలుపుతుంటే రెండూ ఒకేసారి, ఒకే చోట పోయకండి. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. కలిసిపోతే తొట్టంతా పాలు విరిగినట్టు తెల్లబడుతుంది, మీరు పోసిన రెండూ కలిసి సున్నపురాయి పొడిగా మారి అడుగున పడతాయి.

వంట సోడా కలపగానే పీహెచ్ కొద్దిగా తగ్గుతుంది, తర్వాత సర్దుకుంటుంది. పీహెచ్ ఎప్పుడూ తక్కువే ఉంటోందంటే అదే సోడాను పళ్లెంలో పలచగా పరిచి ఓవెన్‌లో 150 డిగ్రీల పైన గంటసేపు కాలిస్తే సోడా యాష్ అవుతుంది, అది పీహెచ్‌ని పెంచుతుంది. అప్పుడు 100 లీటర్లకు 1 కేహెచ్‌కి 1.9 గ్రాములే. 3 గ్రాముల అలవాటులో వేసేయకండి.

సున్నపు తేట సంగతి ఇంకోటి. ఇది నాకు ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే ఆల్కలినిటీ, కాల్షియం రెండూ సమపాళ్లలో వస్తాయి, పీహెచ్ కూడా లేస్తుంది. పాన్ షాపు సున్నం, గోడల సున్నం కాదు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కొనాలి. లీటరు ఆర్‌ఓ నీళ్లలో 2 గ్రాములు వేసి ఊపి, మూతపెట్టి, రాత్రంతా వదిలేస్తే అడుగున మడ్డి, పైన తేట. తేట మాత్రమే వాడాలి. లీటరు తేట 100 లీటర్ల తొట్టిని 1.1 కేహెచ్ పెంచుతుంది. నాకు రోజుకు పావు లీటరు చాలు, రాత్రిపూట సెలైన్ సెట్టు తగిలించి చుక్కచుక్కగా దింపుతా, చక్రం తిప్పి సెకనుకు ఒక చుక్క కంటే తక్కువ పెడతా. ఆవిరైన నీళ్లలో మిగతా భాగం మామూలు ఆర్‌ఓ నీళ్లు. ఈ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, కంట్లో పడితే ప్రమాదం, సీసా మొత్తం ఒకేసారి తొట్టిలో పడితే తెల్లారేసరికి ఏదీ మిగలదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పద్ధతి జోలికి పోకండి, సోడానే మేలు.

ఎక్కువైపోతే

ఏం చేయకండి. నిజంగానే. వెనిగర్ పోయమనీ, యాసిడ్ పోయమనీ చెప్పేవాళ్లుంటారు, పోస్తే పీహెచ్ ధబీమని పడుతుంది. కలపడం ఆపేసి కొలుస్తూ ఉంటే అదే దిగుతుంది. నా 12 మళ్లీ 8.5కి రావడానికి రెండున్నర వారాలు పట్టింది, మధ్యలో తక్కువ ఆల్కలినిటీ ఉన్న ఉప్పుతో రెండుసార్లు నీళ్లు మార్చాను. తోలు పగడం నాలుగో వారంలో విప్పుకుంది.

ఏమీ కలపకుండానే పెరుగుతోందా? అయితే నింపే నీళ్లు చూడండి. మన బోరు నీళ్లు ఎంత బరువో తెలిసిందే, ప్రకాశం జిల్లా మెట్ట వైపు ఇంకా ఎక్కువ. ఇంటి ఆర్‌ఓలోంచి వచ్చే నీళ్లలో 60 పీపీఎం ఆల్కలినిటీ మిగిలి ఉందనుకోండి, రోజుకు రెండు లీటర్లు 100 లీటర్ల తొట్టిలో పోస్తుంటే నెలకు 36 పీపీఎం, అంటే 2 కేహెచ్ చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఇది ఆవిరవదు కదా. టీడీఎస్ మీటరు వందల్లో దొరుకుతుంది, కొనుక్కుని నింపే నీళ్లు 10 లోపు ఉండేలా చూసుకోండి. ఉప్పు డబ్బా మార్చినా చూడాలి. ఉప్పు కంపెనీని బట్టి కలిపిన నీళ్ల కేహెచ్ 7 నుంచి 12 దాకా ఉంటుంది. 8 ఉన్న తొట్టిలో 11 ఉన్న కొత్త నీళ్లు అయిదో వంతు మారిస్తే 0.6 పెరుగుతుంది, అదే సగం మారిస్తే 1.5.

మైపాడు నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అంటారు. నేను రెండుసార్లు తెచ్చాను, ఒడ్డున అంతా మట్టి, వడకట్టడానికే రోజు పోయింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టి పెన్నలో నీళ్లొచ్చినప్పుడైతే తేనే వద్దు. ఉప్పు పడిపోతుంది, దాంతో పాటు కాల్షియం, మెగ్నీషియం ఆ మేర పోతాయి. ఆల్కలినిటీ మాత్రం నది ఏం మోసుకొచ్చిందో దాన్ని బట్టి ఉంటుంది, కొలవకుండా చెప్పలేం. హేచరీ వాళ్లు తెలిసుంటే వాళ్ల వడకట్టిన నీళ్లు మేలు, అయితే క్లోరిన్ ఎప్పుడు కొట్టారో అడిగి, క్లోరిన్ పరీక్ష చేశాకే తొట్టిలో పోయండి.

ఊరికి పోయేటప్పుడు

పండక్కో తిరుమలకో నాలుగు రోజులు పోవాల్సి వస్తే సోడా సీసా ఎవరికీ అప్పగించకండి. నాలుగు రోజులు కలపకపోతే నా తొట్టిలో తగ్గేది 0.8, వచ్చాక రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సున్నపు తేట సెట్టు కూడా విప్పేసి పోతాను. అద్దం మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి, పక్కన ఆర్‌ఓ నీళ్ల క్యాన్ పెట్టి, అమ్మతో ఒకటే మాట చెబుతా: "నీళ్లు ఈ గీత దిగితే ఈ క్యాన్‌లోవి గీత దాకా పొయ్యి. చిన్నాయనొచ్చి ఏం చెప్పినా ఇంకేం వెయ్యొద్దు."